తెల్లకార్డుకు పైన, పాలసీకి కింద

సుల్తాన్‌బజార్ సందులో ఒక చీరల దుకాణం ఉందనుకుందాం. యజమాని కాక ఆరుగురు పనిచేస్తారు. పదిహేనేళ్ళుగా తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించే సేల్స్‌మన్‌కు నెల జీతం 18,000. ఇంట్లో సంపాదన అతనిదొక్కటే. ఏడాదికి 2,16,000 అవుతుంది. తెలంగాణలో తెల్లకార్డు, అంటే ఇప్పటి ఆహార భద్రత కార్డు, రావాలంటే పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. పదహారు వేలు ఎక్కువైంది. ఆ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. జీతగాళ్ళకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈఎస్ఐకి జీతం పరిమితి నెలకు 21,000. జీతాన్ని బట్టి చూస్తే అతను అర్హుడే. కానీ అది తప్పనిసరి అయ్యేది కనీసం పదిమంది పనిచేసే చోటే, దుకాణంలో ఉన్నది ఆరుగురు. ఇక మిగిలింది ప్రైవేటు పాలసీ. భార్యకు షుగరు, తనకు బీపీ. ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగమంటారు, ప్రీమియం ఏటేటా పెరుగుతుంది. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె పోను చేతిలో మిగిలేదానితో అది కట్టడం కుదరదు.

మూడు తలుపులూ మూసుకున్నాయి. ఏ తలుపు దగ్గరా ఎవరూ తప్పు చేయలేదు, రూలు ప్రకారమే మూశారు. ఈ సమస్యలో అసలు కష్టం అదే.

ఇది ఒక్క దుకాణం సంగతి కాదు. దేశ జనాభాలో కనీసం 30 శాతానికి, అంటే దాదాపు 40 కోట్ల మందికి, వైద్య ఖర్చుల నుంచి ఏ రక్షణా లేదని నీతి ఆయోగ్ 2021లో లెక్క కట్టింది. నిరుపేదలకు సర్కారు పథకం ఉంది, స్థిరమైన ఉద్యోగులకు కంపెనీ బీమా ఉంది. ఈ రెంటి నడుమ జారిపోయినవాళ్ళు వీళ్ళు. హైదరాబాదులో వీళ్ళకోసం వెతకనక్కర్లేదు. అమీర్‌పేటలో జిరాక్సు సెంటరు నడిపే మనిషి, ఉప్పల్లో టైలరు, మల్లేపల్లిలో మెకానిక్కు, అపార్టుమెంటు వాచ్‌మన్, చిన్న ప్రైవేటు బడిలో టీచరు, రాత్రి పదకొండు దాకా స్విగ్గీ, జొమాటో సంచి వీపున మోసే కుర్రాడు. ఎక్కువమంది ఇరవై అయిదుకూ అరవైకీ మధ్య వయసువాళ్ళు. ఇల్లు వాళ్ళ రెక్కల మీద నడుస్తుంది. వాళ్ళు మంచాన పడితే వైద్యానికి డబ్బు పోవడమే కాదు, వచ్చే డబ్బూ ఆగిపోతుంది.

ఈ గీత ఎలా పడిందో తెలియాలంటే ఆరోగ్యశ్రీ మొదలైన రోజుల్లోకి వెళ్ళాలి. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకం మొదలుపెట్టి, మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతటికీ విస్తరించింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే పైన ఇంకో 50 వేలు. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకున్న ఇళ్ళకు అది మామూలు మార్పు కాదు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర కార్డు చూపిస్తే, కాగితాలు పథకాన్ని నడిపే ట్రస్టుకు వెళ్ళి అనుమతి వస్తుంది, ఆపరేషన్ అయిపోతుంది, రోగి చేతినుంచి ప్యాకేజీ డబ్బు కట్టనక్కర్లేదు. తర్వాత దేశంలో ఎన్నో పథకాలు వచ్చాయి గానీ, డబ్బు ముందు పెట్టకుండా పెద్దాసుపత్రి గడప తొక్కవచ్చన్న ధైర్యం తెలుగువాళ్ళకు ఇచ్చింది మాత్రం ఆరోగ్యశ్రీయే.

అప్పుడు తెల్లకార్డును అర్హతకు కొలతగా పెట్టుకోవడం తెలివైన పనే. కొత్తగా సర్వే చేయక్కర్లేకుండా, ఇంటింటా ఉన్న కార్డుతో కోట్లమందిని ఒక్కసారిగా పథకంలోకి తెచ్చారు. కాలం గడిచేకొద్దీ ఆ సౌకర్యమే సంకెల అయింది. బియ్యం ఎవరికి ఇవ్వాలన్నది ఒక ప్రశ్న. కిడ్నీ పాడైతే ఎవరికి సొంతంగా భరించే శక్తి లేదన్నది వేరే ప్రశ్న. నెలకు 18,000 సంపాదించే ఇంటికి బియ్యం కొనుక్కునే శక్తి ఉండవచ్చు. బైపాస్ చేయించుకునే శక్తి మాత్రం ఉండదు. రెండు ప్రశ్నలకూ ఒకే కార్డుతో జవాబు చెప్పడం వల్ల వచ్చిన చిక్కు ఇది. రేషన్ కార్డునూ ఆరోగ్య కార్డునూ వేరు చేయాలన్న మాట 2024లో ప్రభుత్వం నుంచే వినిపించింది. ఆ ఆలోచన సరైనదే. వేరు చేశాక గీత ఎక్కడ గీస్తారన్నదాన్ని బట్టే దాని విలువ ఉంటుంది.

పథకం పెరగలేదని కాదు. కేంద్రం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి 5 లక్షల రక్షణ తెచ్చింది. తెలంగాణ 2021లో అందులో చేరింది. 2023 డిసెంబరు 9న రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. 2024లో కొత్త చికిత్సలు చేర్చి, చాలా ప్యాకేజీల ధరలు సవరించింది. అన్నీ మంచి పనులే. కానీ విస్తట్లో వడ్డన పెరిగింది, బంతిలో విస్తళ్ళు పెరగలేదు. మామూలు ఆపరేషన్ల ప్యాకేజీల్లో చాలావరకు 5 లక్షల లోపే ముగుస్తాయి. 5ను 10 చేయడం వల్ల ఆ గీత దాటే కొద్దిమందికి ప్రాణదానమవుతుంది, ఖజానా మీద పడే అదనపు భారం మాత్రం వినిపించినంత పెద్దది కాదు. అసలు ఖర్చు కొత్త కుటుంబాలను చేర్చడంలో ఉంటుంది. అందుకే ఏ ప్రభుత్వానికైనా పరిమితి పెంచడం తేలిక, అర్హత పెంచడం కష్టం.

పట్టణంలో 2 లక్షలు, పల్లెలో లక్షన్నర అన్న ఆదాయ గీతలు రాష్ట్రం వచ్చిన తొలినాళ్ళవి. అప్పటినుంచి నగరంలో అద్దెలు, జీతాలు, ఆసుపత్రి బిల్లులు అన్నీ పెరిగాయి. గీత మాత్రం ఉన్నచోటే ఉంది. ఆదాయం కాగితం మీద పెరిగినవాడు నిజంగా మెరుగుపడ్డాడో లేదో చూడకుండా గీత బయటికి వెళ్ళిపోతాడు. ఈఎస్ఐది కూడా ఇదే తీరు. 21,000 పరిమితి 2017 జనవరి నుంచి మారలేదు. పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ అర్హతను ఏడాదికి 5 లక్షల ఆదాయం దాకా పెంచి కొన్నేళ్ళయింది. ఒకే పథకం, ఒకే ట్రస్టు నుంచి విడిపోయిన రెండు రాష్ట్రాలు. ఒకే జీతం తెచ్చుకునే అన్నదమ్ముల్లో విజయవాడలో ఉన్నవాడికి కార్డు వస్తుంది, ఎల్బీనగర్‌లో ఉన్నవాడికి రాదు.

గీతతో పాటు ఇంకో తిరకాసు ఉంది, అది కార్డు కుటుంబానిది కావడం. కొడుకు పెళ్ళై వేరుపడితే కొత్త కార్డు కావాలి. తెలంగాణలో చాలా ఏళ్ళ పాటు కొత్త కార్డులు సరిగ్గా జారీ కాలేదు, ఉన్న కార్డుల్లో పేర్లు చేర్చడం కూడా నడవలేదు. 2025లో మళ్ళీ పెద్ద ఎత్తున మొదలైంది. ఆ మధ్యకాలంలో పెళ్ళైన జంటలు, పుట్టిన పిల్లలు అర్హత ఉండి కూడా బయటే ఉండిపోయారు. ఊళ్ళో అమ్మానాన్నల కార్డులో పేరున్న కుర్రాడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ పనిచేస్తుంటాడు. ఊళ్ళో పేరు తీయించుకుంటే నగరంలో మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఉండదు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి భవనాల పని చేసే ఒంటరి మనిషి పరిస్థితి ఇంకా అన్యాయం. ఎక్కడి రేషన్ కార్డు చూపించినా బియ్యం ఇచ్చే ఏర్పాటు దేశమంతటా వచ్చింది. ఆరోగ్యశ్రీకి మాత్రం ఆ కార్డు చెల్లదు.

కేంద్ర పథకంలోనూ ఇలాంటి ఖాళీలే కనిపిస్తాయి. ఆయుష్మాన్ భారత్ మొదటి జాబితా 2011 సామాజిక ఆర్థిక కుల గణన మీద తయారైంది. పదిహేనేళ్ళ నాటి ఫొటో చూసి ఇవాళ మనిషిని గుర్తుపట్టడం లాంటిది అది. 2024 అక్టోబరులో 70 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా రక్షణ విస్తరించారు. 2025 బడ్జెట్‌లో గిగ్ కార్మికులను చేరుస్తామన్నారు. రెండూ స్వాగతించాల్సినవే. అయితే వయసును బట్టో, వృత్తిని బట్టో ఒక్కో ముక్కగా చేర్చుకుంటూ పోతే, ఏ ముక్కలోనూ ఇమడని నలభై అయిదేళ్ళ సేల్స్‌మన్ చివరిదాకా మిగిలిపోతాడు.

మరి ఇప్పుడు వీళ్ళు జబ్బుపడితే ఏం చేస్తున్నారు? గాంధీ, ఉస్మానియా ఉన్నాయి కదా, అక్కడ అందరికీ ఉచితమే కదా అనే ప్రశ్న న్యాయమైనదే. హైదరాబాదు సర్కారు దవాఖానాలు లేకపోతే సగం నగరం ఏమయ్యేదో ఊహించడం కూడా కష్టం. ఎంఎన్‌జేలో క్యాన్సరుకు, నీలోఫర్‌లో పసిపిల్లలకు జరిగే వైద్యం ఏ కార్పొరేటు బోర్డుకూ తీసిపోదు. కానీ రద్దీ సంగతి అందరికీ తెలుసు. ఉస్మానియా పాత భవనంలోకి 2020 జులైలో వాన నీళ్ళొచ్చాక దాన్ని ఖాళీ చేశారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. రోజుకూలి పోగొట్టుకుని వరుసలో నిలబడాల్సిన మనిషికి ఉచితం అనేది పూర్తిగా ఉచితం కాదు. ఇంకో విషయం చాలామంది గమనించరు: ఆరోగ్యశ్రీ కార్డున్న రోగికి వైద్యం చేస్తే ఆ ప్యాకేజీ డబ్బు సర్కారు దవాఖానకు కూడా జమ అవుతుంది. కార్డు లేనివాడు వస్తే ఆ ఆదాయం ఉండదు. అంటే కార్డు విస్తరించడం ప్రైవేటు ఆసుపత్రులకు పెట్టే విందు మాత్రమే కాదు, గాంధీకీ ఉస్మానియాకూ అదే డబ్బు దారి.

రెండో దారి ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు. పొద్దున్నే ఎనిమిది గంటలకు ఏ నియోజకవర్గంలో చూసినా ఈ దృశ్యం ఉంటుంది. చేతిలో పాలిథిన్ కవరు, అందులో నిమ్స్ ఇచ్చిన ఎస్టిమేట్ కాగితం, ఆధార్ జిరాక్సులు, స్కాన్ రిపోర్టు, రోగి పాస్‌పోర్టు సైజు ఫొటో. ఆపరేషన్‌కు ముందైతే ఎల్ఓసీ, అంటే ఖర్చు సర్కారు భరిస్తుందన్న హామీ పత్రం, కావాలి, ఆపరేషన్ అయిపోయి అప్పు చేసి ఉంటే ముఖ్యమంత్రి సహాయనిధి కావాలి. పీఏ కాగితాలు తిరగేసి ఒరిజినల్ బిల్లు లేదంటాడు, మళ్ళీ ఆసుపత్రికి పరుగు. నెలల తర్వాత చెక్కు వస్తుంది, దాన్ని నాయకుడి చేతులమీదుగా ఫొటోతో సహా అందుకోవాలి. బిల్లులో ఒక భాగమే వస్తుంది. ఆ డబ్బు ఎందరి ఇళ్ళు నిలబెట్టిందో కాదనలేం. అయినా అదీ ప్రజల డబ్బే, అదే వైద్యానికే ఖర్చవుతోంది. తేడా ఏమిటంటే, కార్డు ఉన్నవాడికి అది హక్కు, లేనివాడికి సిఫారసు. అడిగే నోరున్నవాడికి దొరుకుతుంది, మొహమాటపడేవాడికి దొరకదు. ఇప్పటికే సహాయనిధి రూపంలో, ఎల్ఓసీల రూపంలో ఖర్చుపెడుతున్నదాన్ని ఒక పద్ధతిలోకి తెస్తే విస్తరణకు కొంత డబ్బు అక్కడే కనిపిస్తుంది.

మూడో దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: వడ్డీకి అప్పు, మెళ్ళో పుస్తెలతాడు, ఊళ్ళో అరెకరం.

ఇలా మధ్యలో పడిపోయిన పెద్దవాళ్ళకు బీమా ఇస్తే నిజంగా ఏం మారుతుందో తేల్చి చెప్పే గట్టి ఆధారం ఒకటి అమెరికాలో ఉంది. ఒరెగాన్ రాష్ట్రం 2008లో మెడికెయిడ్‌లో, అంటే పేదలకు సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా పథకంలో, పేద పెద్దలకు కొద్ది చోట్లు మాత్రమే ఇవ్వగలిగింది. దాదాపు 90 వేలమంది పేర్లు ఇచ్చారు. లాటరీ తీశారు. చీటీ తగిలినవాళ్ళకూ తగలనివాళ్ళకూ మధ్య అదృష్టం తప్ప వేరే తేడా లేదు కాబట్టి, పరిశోధకులు ఇద్దరినీ పోల్చి చూడగలిగారు. రెండేళ్ళలో బీమా వచ్చినవాళ్ళలో ఇల్లు ముంచే స్థాయి వైద్య ఖర్చులు దాదాపు మాయమయ్యాయి. మానసిక కుంగుబాటు బాగా తగ్గింది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం, పరీక్షలు చేయించుకోవడం పెరిగింది. షుగరు రోగం బయటపడి మందు మొదలుపెట్టినవాళ్ళు పెరిగారు. కానీ బీపీ, కొలెస్ట్రాల్, షుగరు అంకెల్లో ఆ రెండేళ్ళలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ఎమర్జెన్సీకి వెళ్ళడం తగ్గుతుందనుకుంటే 40 శాతం పెరిగింది.

ఈ ఫలితాలను విస్తరణ కావాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ తమకు కావలసినట్టు వాడుకున్నారు. నిజాయితీగా చదివితే తేలేది ఇది: బీమా మొట్టమొదట మనిషిని అప్పు నుంచి, అప్పు భయం నుంచి కాపాడుతుంది. ఒంట్లో మార్పుకు ఎక్కువ కాలం పడుతుంది. తర్వాతి ఏళ్ళలో పథకాన్ని విస్తరించిన రాష్ట్రాలనూ విస్తరించని రాష్ట్రాలనూ పోల్చిన పరిశోధనలో 55 నుంచి 64 ఏళ్ళ పేదల మరణాలు తగ్గినట్టు కూడా తేలింది. అలాగే విస్తరిస్తే ఖర్చు తగ్గుతుందని ఎవరూ ఆశపెట్టకూడదు. మొదట వాడకం పెరుగుతుంది. ఇన్నాళ్ళూ నొప్పి దిగమింగుకున్నవాళ్ళు డాక్టరు దగ్గరికి వస్తారు కాబట్టి అది పెరగాలి కూడా.

అమెరికా అనుభవంలో మన సేల్స్‌మన్‌ను అచ్చుగుద్దినట్టు పోలిన మనిషి కూడా ఉన్నాడు. ఒబామాకేర్ అని పిలిచే 2010 చట్టం పేదరిక రేఖకు 138 శాతం దాకా ఆదాయం ఉన్న పెద్దలందరికీ మెడికెయిడ్ ఇవ్వాలంది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. ఇప్పటికి 40 రాష్ట్రాలు చేర్చుకున్నాయి, పది చేర్చుకోలేదు. డల్లాస్, హ్యూస్టన్ అంటూ మనవాళ్ళ నోట రోజూ వినిపించే టెక్సాస్ ఆ పదిలో ఒకటి. అక్కడ పిల్లలు లేని, వైకల్యం లేని పెద్దవాడు ఎంత పేదవాడైనా మెడికెయిడ్‌కు అర్హుడు కాడు. పేదరిక రేఖ కింద ఉంటే ప్రైవేటు బీమాకు ఇచ్చే సబ్సిడీ కూడా రాదు. మరీ పేదవాడు కావడమే అతని అనర్హత. రెండు పథకాలను విడివిడిగా రాసి, వాటి అంచులు కలిశాయో లేదో చూడకపోతే ఎక్కడైనా ఇలాంటి గొయ్యే ఏర్పడుతుంది.

కాగితాల బరువు గురించీ అక్కడినుంచే నేర్చుకోవచ్చు. ఆర్కన్సా రాష్ట్రం 2018లో, పనిచేస్తున్నట్టు నెలనెలా నివేదిక ఇస్తేనే బీమా అంది. కొద్ది నెలల్లో 18 వేలమందికి పైగా బీమా పోగొట్టుకున్నారు. వాళ్ళలో చాలామంది నిజానికి పనిచేస్తున్నవాళ్ళో, మినహాయింపు ఉన్నవాళ్ళో. ఫారం దగ్గర ఓడిపోయారు. వేలిముద్ర పడక, ఈకేవైసీ కాక, మీసేవలో ఆదాయ ధ్రువపత్రం రాక ఆగిపోయినవాళ్ళను చూసిన హైదరాబాదీకి ఇది కొత్తగా అనిపించదు.

అయితే ఇక్కడ విస్తరణ ఏ రూపంలో ఉండాలి? అందరూ ఒప్పుకునే తేలిక జవాబు ఏమిటంటే, కార్డు లేనివాళ్ళు కావాలంటే డబ్బు కట్టి ఆరోగ్యశ్రీలో చేరవచ్చని తలుపు తెరవడం. వినడానికి బాగుంటుంది, నడవదు. ఇష్టమున్నవాళ్ళే చేరమంటే జబ్బున్నవాళ్ళు ముందు చేరతారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు చూద్దాంలే అంటారు. ఖర్చు పెరుగుతుంది, చందా పెంచాలి, ఇంకొందరు మానేస్తారు. బీమా బతికేది అందరూ ఉన్నప్పుడే. థాయిలాండ్ 2002లో చేసింది అదే: ఉద్యోగుల పథకాల్లో లేని ప్రతి మనిషినీ ప్రభుత్వ పథకంలో ఉన్నట్టే లెక్కవేసింది. చేరమని ఎవరినీ బతిమాలలేదు.

కాబట్టి ఆదాయ గీతను కనీసం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నంత ఎత్తుకు తీసుకెళ్ళి, దానికి లోపల, ఈఎస్ఐలోనూ ఉద్యోగుల పథకాల్లోనూ లేనివాళ్ళందరినీ దరఖాస్తు అడగకుండానే చేరినట్టు పరిగణించడం మొదటి అడుగు. డబ్బు మాటకొస్తే, 2 లక్షల నుంచి 5 లక్షల ఆదాయం ఉన్నవాళ్ళు కొంత ఇవ్వగలరు, ఇస్తారు కూడా. ఈఎస్ఐలో ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 18,000 జీతం మీద ఉద్యోగి కట్టేది నెలకు 135 రూపాయలు. ఈ మనిషి ఫోను రీఛార్జికి అంతకన్నా ఎక్కువ పెడుతున్నాడు. ఆ 135 తీసుకునే ఏర్పాటు లేకపోవడమే అతని కష్టం. ఒక్కసారిగా తెగిపోయే గీత బదులు, ఆదాయం పెరిగేకొద్దీ చందా కొద్దికొద్దిగా పెరిగే వాలు ఉంటే, జీతం వెయ్యి పెరిగినందుకు భయపడే పరిస్థితి పోతుంది. ఈఎస్ఐ నియమాల్లో ఈ ఇంగితం కొంత ఉంది. జీతం 21,000 దాటినా ఆ ఆరు నెలల చందా కాలం ముగిసేదాకా కార్మికుణ్ణి తీసేయరు. ఆ తర్వాత మాత్రం పూర్తిగా బయటే.

ఒక అభ్యంతరాన్ని పక్కన పెట్టలేం. ఉన్నవాళ్ళకే డబ్బు సకాలంలో ఇవ్వలేకపోతుంటే కొత్తవాళ్ళను ఎందుకు చేర్చడం? 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదంటూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపాయి. ప్రభుత్వంతో చర్చల తర్వాతే మళ్ళీ మొదలుపెట్టాయి. అలాంటి రోజుల్లో కార్డు ఉన్నా లేకున్నా ఒకటే. బయటికి కనిపించకుండా జరిగే నష్టం ఇంకా ఉంది. డబ్బు ఆలస్యమయ్యే కొద్దీ ఆసుపత్రులు బెడ్లు ఖాళీ లేవంటాయి, ప్యాకేజీలో లేదంటూ ఏదో ఒక సామానుకు విడిగా బిల్లు వేస్తాయి. చిన్న నర్సింగ్‌హోములు జీతాలివ్వలేక పథకం నుంచి తప్పుకుంటాయి. ఈ అభ్యంతరం నిజమైనదే, అయితే దాని పరిష్కారం విస్తరణ ఆపడంలో లేదు. ట్రస్టుకు ఏటా రావాల్సిన డబ్బును మిగతా ఖజానాతో కలపకుండా, చందాలతో సహా విడి నిధిగా ఉంచి, క్లెయిమ్ ఆమోదమైన ఇన్ని రోజుల్లో చెల్లించకపోతే వడ్డీ కట్టాలన్న కట్టుబాటు పెట్టాలి. డబ్బు కట్టిన సభ్యుడు ప్రశ్నిస్తాడు. ఉచితంగా పొందినవాడు ప్రశ్నించడానికి జంకుతాడు. చందా వల్ల వచ్చే రూపాయల కన్నా ఆ ప్రశ్న వల్ల వచ్చే లాభం ఎక్కువ.

ఇంకొకటి, ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే పనికొచ్చే పథకం. నడివయసు మనిషి ఖర్చు మాత్రం రోజూ మందుల షాపు దగ్గర జరుగుతుంది. బీపీ మాత్రకు పెట్టని ఖర్చు పదేళ్ళ తర్వాత పక్షవాతానికో డయాలసిస్‌కో పెట్టాల్సి వస్తుంది. 2018 నుంచి బస్తీల్లో వెలిసిన బస్తీ దవాఖానాలు ఈ లోటు తీర్చడానికే పుట్టాయి. అక్కడ డాక్టరు చూస్తాడు, రక్తపరీక్ష నమూనా తీస్తారు, మాత్రలిస్తారు. కార్డు అడగరు. అయితే అవి పగటి వేళల్లో నడుస్తాయి, చీరల దుకాణం కూడా అప్పుడే నడుస్తుంది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా కొన్నిచోట్లయినా తెరిస్తే, బీమా విస్తరణలో సగం పని చవగ్గా అయిపోతుంది.

అర్హులను వెతకడం కష్టమన్న సాకు ఇప్పుడు చెల్లదు. 2024 నవంబరులో మొదలైన సమగ్ర కుటుంబ సర్వే మూడున్నర కోట్ల మంది వివరాలు రాసుకుంది. ఇంట్లో ఎవరున్నారు, ఏ పని చేస్తారు, ఎంత సంపాదిస్తారు, అన్నీ అడిగారు. నగరంలో కొన్ని ఇళ్ళు తప్పిపోయినా, ఏ ఇంటికి ఈఎస్ఐ లేదో, ఏ ఇంటికి తెల్లకార్డు లేదో ఆ వివరాలను ఈఎస్ఐ, పౌరసరఫరాల జాబితాలతో సరిపోల్చితే బయటపడుతుంది. సర్వేకి ముందు ఇళ్ళ లెక్క తీసినప్పుడు తలుపుల మీద అంటించిన స్టిక్కర్లు కాచిగూడ, నల్లకుంట అద్దె ఇళ్ళలో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ఎండకు రంగు వెలిసి, మూల చిరిగి, నంబరు మాత్రం చదవడానికి వీలుగానే ఉంది.